గీతకు గల శక్తి: నేటి రేఖాచిత్రములను గురించి

(కోవిల్‌పట్టి సంఘభవనమున బాలబాలికల చిత్రప్రదర్శనమును ప్రారంభించుచు చేసిన ఉపన్యాస పాఠము)



మేము బట్టల వ్యాపారము చేసికొనువారము. మెట్రిక్యులేషనుతో మా చదువు ముగిసినది. చిత్రకళను గురించి శాస్త్రోక్తముగా ప్రసంగించు పాండిత్యము మాకు లేదు. అయినను ఈ సభలో మాటలాడుటకు మేము ఒప్పుకొనుటకు కారణము కలదు. రాబోవు సర్వసభ్య సమావేశమున ఒక తీర్మానము చర్చకు రానున్నది. ఆదివారము నడచుచున్న చిత్రలేఖనపు తరగతిని నిలిపివేసి, ఆ గంటను గణితబోధనకు ఇయ్యవలెనని కొందరు సభ్యులు కోరుచున్నారు. తరగతి ఉండవచ్చును గాని, దేవతల బొమ్మలను, మన పూర్వరాజుల బొమ్మలను మాత్రమే గీయించవలెనని మరికొందరు కోరుచున్నారు. ఇరువురును బిడ్డల మేలు కోరువారే. మా అభిప్రాయము ఈ రెంటికిని భిన్నమైనది. దానిని మీకు నివేదించుటకు ముందు, అసలు రేఖాచిత్రము ఎట్టిది, మన కాలమున అది ఎంత దూరము పోయినది అను విషయము నాలుగు మాటలలో చెప్పవలసియున్నది.

వర్ణచిత్రము వేరు, రేఖాచిత్రము వేరు. వర్ణచిత్రమున రంగు మన కంటిని ముందుగా పట్టుకొనును. రేఖాచిత్రమున తెల్లని కాగితము, నల్లని గీత, అంతియే. మా అంగడికి చీర కొనవచ్చినవారు రంగు చూచి చేయి చాచుదురు. కాని ఆ చీర మగ్గమునకు ఎక్కుటకు ముందే గళ్లకాగితము మీద అంచు నమూనా గీయబడి యుండవలెను. ఆ గీత తప్పినచో ఎంత మేలైన పట్టైనను అంచు చెడును. మన ప్రాంతపు అగ్గిపెట్టెలను చూడుడు. రెండంగుళముల చీటీ మీద ఏనుగో, దీపమో, నెమలియో ఉండును. చదువురానివాడు కూడ ఆ బొమ్మను చూచియే తనకు కావలసిన పెట్టెను అడిగి తీసికొనుచుండెను. అంత చిన్న చోట అంత స్పష్టముగా చెప్పగలుగుట గీతకే సాధ్యము.

ఇంకొక విశేషము గలదు. ప్రకృతిలో గీత అనునది లేదు. మనిషి ముఖము చుట్టును నల్లని గీత యెక్కడను కనబడదు. చూచువాడు ఏది ఉంచవలెను, ఏది విడువవలెను అని నిశ్చయించుకొని గీత వేయును. కావున ప్రతి గీతయు ఒక నిర్ణయము. గీసినవాని ధైర్యము, తొందర, జంకు అందులో దాగవు. పనిముట్టును బట్టి గీత స్వభావము మారును. బొగ్గుగీత వెడల్పై మెత్తగా నుండును. వ్రేలితో రుద్దినచో నీడ యగును. ఉక్కుపాళీ గీత సన్నముగా, ఒకే తీరున పోవును. దానితో నీడ చూపవలెనన్న గీతలను దగ్గరదగ్గరగా ఒకదానికొకటి అడ్డముగా వేయవలెను. కుంచెగీత చేతి ఒత్తిడిని బట్టి ఒకే విసురులో లావై, సన్నమై, అంతరించును. వీణకు, సన్నాయికి ఎట్లు భేదమున్నదో వీనికిని అట్లే భేదమున్నది.

ఇక ఈ గీత మన దేశమున ఏ పనులు చేసినదో చూతము.

1943లో వంగదేశమున ఘోరమైన కరవు వచ్చినది. సుమారు 30 లక్షల మంది మరణించిరని అంచనా. ఆ సమయమున చిత్తప్రసాద్ అను యువచిత్రకారుడు మేదినీపురము జిల్లాలో ఊరూర తిరిగి, ఎముకలగూడులైన మనుష్యులను, పాడుపడిన ఇండ్లను సిరాతో గీసెను. కొన్ని బొమ్మలకు ఆ మనిషి పేరును, అతని కథను కూడ వ్రాసెను. ఆ బొమ్మలతో 'హంగ్రీ బెంగాల్' అను చిన్న పుస్తకము వెలువడగా, ఆనాటి బ్రిటిషు ప్రభుత్వము దాని ప్రతులను పట్టి తగులబెట్టించెను. కుటుంబమువారు దాచియుంచిన ప్రతి మిగిలినందున తరువాతి కాలమున అది తిరిగి అచ్చయినది. నల్లసిరాతో గీసిన కొన్ని గీతలకు ఒక సామ్రాజ్యము జంకినదన్న, ఆ గీతలలో ఎంత సత్యముండెనో ఊహించుడు. అదే కరవునందు జైనుల్ ఆబెదీన్ అను మరియొక చిత్రకారుడు కలకత్తా వీధులలో చచ్చువారిని, వారి ప్రక్కన చేరిన కాకులను, కుక్కలను కుంచెతో గీసెను. ఖరీదైన కాగితమునకు తాహతు లేక సామాను చుట్టు చవుక కాగితము మీద గీసెను. వర్తకులమైన మనము దినమంతయు చింపి పారవేయు కాగితమది. నేడు ఆ బొమ్మలు చరిత్రకు సాక్ష్యములు.

ఇట్లు గీత సాక్ష్యము చెప్పును. అది గౌరవమును కూడ ప్రకటించును. 1930లో గాంధీమహాత్ముడు ఉప్పు సత్యాగ్రహమునకై దండికి నడచినప్పుడు నందలాల్ బోస్ నల్లని భూమిక మీద తెల్లని గీతలతో, కఱ్ఱ చేతబట్టి నడచుచున్న గాంధీని లినోలియము అచ్చుగా చెక్కిరి. ముఖములోని వివరములు స్వల్పము. నడక మాత్రము సంపూర్ణము. మన తమిళదేశమున తిరుచిరాపల్లి జిల్లా కీరంబూరున పుట్టిన కె. యమ్. ఆదిమూలము 1969లో గాంధీ శతజయంతి సందర్భమున నలుపు తెలుపులలో గాంధీ రేఖాచిత్రములను ఒక పెద్ద వరుసగా గీసిరి. నందలాల్ గీతలో గాంధీ నిశ్చయముతో అడుగు వేయుచున్నాడు. ఆదిమూలము గీతలు చిక్కులు చిక్కులుగా అల్లుకొని, ఆ చిక్కులనుండి వృద్ధుని ముఖము, వీపు, వంగిన మెడ పైకి వచ్చును. మనిషి యొక్కడే, చేయి వేరగుటచే అర్థము వేరైనది.

మూడవది పల్లె జీవితము. మెదకు జిల్లా నిజాంపూరున 1940లో జన్మించిన కె. లక్ష్మా గౌడ్ హైదరాబాదునను, బరోడాలోను చిత్రకళ నభ్యసించిరి. తాము పెరిగిన పల్లెలోని మేకలను, చెట్లను, తలపాగా చుట్టిన మగవారిని, నిండు బొట్టు పెట్టిన ఆడువారిని గీసిరి. వారు రేకు మీద కూడ గీయుదురు. రేకునకు మైనపు పూత పూసి, సూదితో గీసి, ఆమ్లములో ముంచినచో గీసినంత మేర లోహము తినబడి పల్లమగును. ఆ పల్లములో సిరా నింపి కాగితము మీద అచ్చొత్తుదురు. స్త్రీపురుషుల కోర్కెను వారు దాపరికము లేక గీసినందున, వారి చిత్రములన్నియు బాలురకు చూపదగినవి కావు. కాని పల్లెటూరివాడు పటములో తియ్యని బొమ్మగా గాక, రక్తమాంసములు గల మనిషిగా కనబడుట వారి గీతలో కలదు. 2016లో వారికి పద్మశ్రీ పురస్కారము లభించినది.

ఇంతవరకును మనిషి బొమ్మలే చెప్పితిమి. బొమ్మయే లేని రేఖాచిత్రము కూడ కలదు. కరాచీలో 1937లో పుట్టి, 1972 నుండి బరోడా విశ్వవిద్యాలయమున బోధించిన నస్రీన్ మొహమ్మదీ అను విదుషీమణి పెన్సిలుతోను, సిరాతోను, గీతలు గీయు పరికరములతోను కేవలము సరళరేఖలనే గీసెను. చెట్టు లేదు, ముఖము లేదు. మొదట చూచిన వర్తకునికి అది ఖాళీ ఆవర్జా పుటవలె తోచును. కొంతసేపు చూచినచో మగ్గము మీద సాగదీసిన పడుగువలె, నీటిమీద సాయంకాలపు వెలుతురువలె ఆ గీతలు దగ్గరై దూరమై కదలును. చేతుల కదలికను దెబ్బతీయు వ్యాధితో బాధపడుచు కూడ ఆమె అంత నిక్కచ్చియైన గీతలు గీసి, 1990లో స్వర్గస్థురాలైనది. సోమనాథ్ హోర్ అను వంగ కళాకారుడు ఇంకను ముందుకు పోయి, సిరాయే లేని గీతను చూపెను. ఆయన 1970ల దశకమున తెల్లని కాగితపు గుజ్జును అచ్చుపోసి 'గాయములు' అను వరుసను చేసెను. తెల్లని తలము మీద తెల్లని గంట్లు మాత్రమే యుండును. అవి చర్మము మీది గాట్లని ఎవరును చెప్పకయే తెలియును. యౌవనమున కరవును కనులార చూచిన వ్యక్తి ఆయన.

ఇప్పుడు మన భాషకు దగ్గరగా వచ్చెదము. మదరాసు చిత్రకళాశాలకు ప్రధానాచార్యులై, 1966లో చోళమండలము కళాకారుల గ్రామమును నెలకొల్పిన కె. సి. ఎస్. పణిక్కర్ 1963 ప్రాంతమున 'పదములు, సంకేతములు' అను చిత్రముల వరుస ఆరంభించిరి. అందు జాతకచక్రములవంటి గళ్లు, లెక్కలవంటి గుర్తులు, లిపివంటి వరుసలు నిండియుండును. ఆ లిపి చదువుటకు రాదు. చదువరాకుండుటయే ఆయన ఉద్దేశము. సోదరులారా, ఇచ్చట మనము ఒక్కక్షణము ఆగవలెను. పణిక్కరుగారు కోరి చదువరాని అక్షరములు వ్రాసిరి. మన తాతల ఆవర్జా పుస్తకములను, వారు వ్రాసికొన్న ఉత్తరములను మన బిడ్డల ముందు పెట్టినచో, ఆ తెలుగు అక్షరములు వారికి అచ్చముగా అట్లే కనబడుచున్నవి: గుండ్రముగా, అందముగా, అర్థము లేక. ఇంటిలో తెలుగు మాటలాడుచున్న బిడ్డకు తెలుగు లిపి పరాయి బొమ్మ యగుచున్నది. మన సంఘమునకు ఇంతకంటె పెద్ద సమస్య లేదు.

అక్షరము కూడ గీతయే యని నిరూపించినవారు మదరాసులోనే మన తెలుగువారొకరుండిరి. బాపు అను పేరుతో ప్రసిద్ధులైన సత్తిరాజు లక్ష్మీనారాయణగారు 1933లో జన్మించి, 2014లో ఆ నగరముననే పరమపదించిరి. ఏ కథకు బొమ్మ వేసినను, గీత ఎక్కడ నిలుపవలెనో వారికి తెలియును. జడ ఒక్క విసురు, నడుము ఒక్క విసురు. మిగిలినది చూచువాడు పూరించుకొనును. వారి దస్తూరి కూడ బొమ్మలవలెనే ప్రియమైనదై, నేడు కంప్యూటరులో అక్షరరూపముగా నిలిచినది. తెలుగునాట పుస్తకము అట్ట మీద ఆ అక్షరములను చూచినవారు పేరు చదువకముందే వారి చేతిని గుర్తుపట్టుదురు.

మన ఇండ్లలో గీత కొత్తది కాదు. తెల్లవారుజామున వాకిట చుక్కలు పెట్టి, చేయి ఎత్తకుండ చుక్కల చుట్టును మెలిక త్రిప్పి, బయలుదేరిన చోటికే తెచ్చి కలుపు మన ఆడువారి ముగ్గును మించిన అభ్యాసము ఏ కళాశాలలో నున్నది? తంజావూరు నాయకరాజుల కాలమునుండి వచ్చిన కరుప్పూరు కలంకారీ ఈనాటికిని తమిళదేశమున నిలిచియున్నది. 2021లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. శ్రీకాళహస్తిలోని కలంకారీవారు చెక్కిన వెదురుపుల్లకు గుడ్డయో ఉన్నియో చుట్టి, దారముతో బిగించి, దానినే కలముగా చేసికొందురు. బెల్లపునీటిలో తుప్పుపట్టిన ఇనుమును ఊరవేసి నల్లరంగు తీయుదురు. కరక్కాయలోను పాలలోను ముంచి ఆరవేసిన బట్ట మీద ఆ కలముతో గీసినచో గీత నల్లగా పట్టును. పట్టిన తరువాత తుడుచుటకు వీలులేదు. కావున ఆ చిత్రకారుడు గీయుటకు ముందే చూచుట నేర్చుకొనవలెను.

ఇక తీర్మానము సంగతి. మొదటి ఆక్షేపణ: "గీతలు కూడు పెట్టునా?" అందరికిని పెట్టదు. పెట్టునని మేము చెప్పుట లేదు. నేత నమూనాకును, భవన నిర్మాణమునకును, యంత్రశాలకును, ముద్రణకును గీయనేర్చినవాడు కావలెననుట నిజమే. కాని ఆ ఒక్క కారణముచే తరగతి నిలుపుమని అడుగుట లేదు. గణితమునకు ఊరిలో ఎన్నో ట్యూషన్లు కలవు. గీయుటకు మన బిడ్డలకు ఈ గది ఒక్కటియే కలదు. ఖర్చు అందురా? సంవత్సరమునకు కాగితములకు, పెన్సిళ్లకు అగు వ్యయము మన వార్షికోత్సవపు విందులో ఆకులకు, అరటిపండ్లకు అగు వ్యయమును మించదు. పద్దు పుస్తకము కోశాధికారిగారి వద్ద నున్నది, ఎవరైనను చూడవచ్చును.

రెండవ ఆక్షేపణ ఈ మధ్య పుట్టినది: "ఫోనుకు చెప్పినచో క్షణములో బొమ్మ ఇచ్చుచున్నదిగదా, చేతితో నేర్చుకొనుట ఎందుకు?" మా అంగడిలో లెక్కల యంత్రము వచ్చి చాలకాలమైనది. అయినను ఎక్కము రాని కుఱ్ఱవానిని మేము గల్లాపెట్టె వద్ద కూర్చుండబెట్టము. ఎక్కము తెలియనివాడు యంత్రములో తప్పు అంకె నొక్కినను తప్పని గుర్తింపలేడు. గీయుట కూడ అట్టిదే. ఒక కుండను చేతితో గీసిన బిడ్డ ఆ కుండ మూతి, మెడ, పొట్ట చూచినది. ఫోనును అడిగిన బిడ్డకు బొమ్మ దొరకినది గాని కుండ కనబడలేదు.

మూడవది, దేవతలను, రాజులను మాత్రమే గీయించవలెననుట. భక్తికి మేము అడ్డు కాము. మా అంగడిలో తొలి దీపము దేవునికే. అయినను క్యాలెండరులోని బొమ్మను చూచి దించుట దేవుని గీయుట కాదు. మదరాసు కళాకారులలో పేరొందిన మన తెలుగువాడు ఎమ్. రెడ్డెప్ప నాయుడుగారు దేవతామూర్తులనే తీసికొని, ఎవరిని అనుకరింపక, తమ స్వంత గీతలతో కొత్తగా చూపిరి. బిడ్డకు దేవుడు తోచినచో దేవుని గీయనిండు. బస్సు తోచినచో బస్సును గీయనిండు. ఈ ప్రదర్శనములో ఒక బాలిక పత్తి మిల్లునుండి వచ్చు తన తల్లి చెప్పులను గీసినది. అరిగిన మడమ వైపు గీత ఒత్తిగా నున్నది. ఆ గీతను ఏ గురువును చెప్పియుండడు. రాజుల బొమ్మలే గీయవలెనను నియమమున్నచో ఆ చెప్పులు కాగితము మీదికి వచ్చియుండెడివి కావు.

ఇప్పుడు మా సూచన వినుడు. మన ఊరికి అనతిదూరమునగల ఇడైసెవల్ గ్రామమువారైన కి. రాజనారాయణన్‌గారు 2021లో దివంగతులైరి. ఇంట తెలుగు మాటలాడు కుటుంబమున పుట్టి, తమిళమున వ్రాసి, సాహిత్య అకాడెమీ పురస్కారము పొందిన మహనీయులు వారు. మన పూర్వులు తెలుగుదేశమునుండి దక్షిణమునకు వచ్చిన కథను 'గోపల్ల గ్రామము' అను నవలగా వ్రాసిరి. ఈ నల్లరేగడి సీమ జనుల నోటి మాటలను సేకరించి నిఘంటువుగా కూర్చిరి. 'కరిసల్ కాట్టు కడుదాసి' అను వారి వ్యాసములకు బొమ్మలు గీసినవారు మేము పైన చెప్పిన ఆదిమూలముగారే. ఒకరు మాటను పట్టిరి, ఒకరు గీతను పట్టిరి. ఈ సీమ మనుష్యులు కాగితము మీద నిలిచిరి. తమిళ మాటకు వారు చేసిన సేవను మన ఇంటి తెలుగు మాటకు మనము ఎందుకు చేయరాదు?

కావున ఆదివారపు తరగతిలోని ప్రతి బిడ్డయు నెలకు ఒక్క పాత వస్తువును ఎదుట పెట్టుకొని గీయవలెను. రోలు, రోకలి, చేట, కవ్వము, ఉట్టి, తిరగలి, కాడి, మేడి, గొర్రు, కపిల: ఏది దొరకిన అది. ఇంటిలోని అవ్వనో తాతనో అడిగి, దాని పేరును బొమ్మ క్రింద తెలుగు అక్షరములతో వ్రాయవలెను. అక్షరము రానిచో ఉపాధ్యాయులు పలక మీద వ్రాసి చూపగా దానిని కూడ బొమ్మవలెనే చూచి గీయవలెను. చిత్తప్రసాద్ మనిషి బొమ్మ క్రింద మనిషి పేరు వ్రాసినట్లు, మన బిడ్డలు వస్తువు బొమ్మ క్రింద వస్తువు పేరు వ్రాయుదురు. మిగిలిన మూడు ఆదివారములు వారి ఇష్టము. రబ్బరు వాడరాదనియు, ఏటేట ఒకసారి మదరాసు ఎగ్మూరు వస్తుప్రదర్శనశాలకును చోళమండలమునకును బిడ్డలను తీసికొనిపోవలెననియు మా మనవి. ప్రయాణపు ఖర్చులో సగము మా అంగడి భరించును.

దీనివలన మన భాష నిలిచిపోవునని మేము ప్రమాణము చేయజాలము. ఒక్కటి మాత్రము చెప్పగలము. కపిల అను మాట తెలిసిన పెద్దలు మన వాడలో వ్రేళ్లమీద లెక్కింపదగినంతమందియే యున్నారు. వారు వెళ్లిపోయిన తరువాత ఆ వస్తువును, ఆ మాటను మన బిడ్డలు ఎవరిని అడుగుదురు? ఇప్పుడు అడిగిననే దొరకును.

సర్వసభ్య సమావేశమున ఈ విషయము ఓటునకు వచ్చునప్పుడు మీరందరును తప్పక హాజరై, మీ నిర్ణయము తెలుపవలెనని ప్రార్థించుచున్నాము. అంతకుముందు ఈ గోడల మీది బొమ్మలను ఒక్కొక్కదానిని నిలిచి చూడుడు. బిడ్డలు తమ బొమ్మల ప్రక్కనే నిలుచున్నారు. బాగున్నది అని తలయూపి సాగిపోక, ఈ గీత ఇక్కడ ఎందుకు వేసితివి నాయనా, ఎందుకు వేసితివి తల్లీ అని అడుగుడు. వారు చెప్పుదురు.